కంప్యూటర్ పాఠంలో తెలుగు మాస్టారికి పనేమిటి?

‘కంప్యూటర్ చదువు సంగతి కంప్యూటర్ వాళ్ళు చూసుకుంటారు. మధ్యలో తెలుగు మాస్టారికీ లెక్కల మాస్టారికీ ఏం పని?’ మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చదువుల మాటెత్తితే చాలు, అటు తిరిగీ ఇటు తిరిగీ ఇక్కడికే వస్తుంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కాలేజీలు నడిపేవాళ్ళు, పిల్లల్ని చదివించుకునేవాళ్ళు, ఇక్కడ బీటెక్ చేసి హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డవాళ్ళు, ఆఖరికి కంప్యూటర్ సైన్సు చెప్పే లెక్చరర్లు కూడా. వాళ్ళ వాదన మొత్తం ఒకచోట పేర్చి చూస్తే ఇదీ వరస. ప్రోగ్రామింగ్ సీఎస్‌ఈ శాఖ సొత్తు. అదెలా చెప్పాలో ఆ శాఖకే తెలుసు. మన పిల్లలకు ఎక్కడం లేదంటే కారణం ఇంగ్లీషు రాకపోవడం. అదీ కాదంటే ల్యాబులో మిషన్లు చాలకపోవడం. ఇక ఎలా చెప్పాలన్న దాని మీద పరిశోధన అంటారా, అది ఐఐటీల వేడుక. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న చోట ఆ ముచ్చట మనకెందుకు?

ఈ నాలుగింటిలో ఒక్కటీ నిలవదు. మొదటిదాన్నే ముందు పట్టుకుంటాను, తక్కినవన్నీ దాని మీదే ఆనుకొని ఉన్నాయి కాబట్టి.

ప్రోగ్రామింగ్ ఒకరికి ఎందుకొస్తుంది, ఒకరికి ఎందుకు రాదు అన్న ప్రశ్నకు ఇవాళ దొరుకుతున్న జవాబుల్లో పనికొచ్చేవి చాలావరకు కంప్యూటర్ శాఖ తలుపులు వేసుకొని కనిపెట్టినవి కావు. 1967లో పిల్లల కోసం లోగో భాషను తయారుచేసిన వారిలో ముఖ్యుడు సీమోర్ పాపర్ట్. ఆయన గణితవేత్త, అంతకుముందు జెనీవాలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పియాజె దగ్గర పనిచేసి వచ్చినవాడు. పియాజె అంటే మన దగ్గర తెలియనివాళ్ళెవరు? టెట్‌కూ డీఎస్సీకీ చదివిన ప్రతి ఒక్కరికీ ఆయన చెప్పిన దశలు నాలుగూ కంఠతా వచ్చు. మార్కాపురంలో పిల్లల మనసు ఎలా పనిచేస్తుందో పుస్తకం పట్టి చదివినవాళ్ళు ఎవరంటే బీఈడీ చేసిన బడి పంతుళ్ళు. ఇంజినీరింగ్ కాలేజీలో సీ లాంగ్వేజీ చెప్పే కుర్ర లెక్చరరు ఎంటెక్ ముగించి నేరుగా క్లాసులో అడుగుపెట్టినవాడు. పాఠం ఎలా చెప్పాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మరి పాపర్ట్‌కు పియాజె దొరికినట్టు అతనికి ఎవరు దొరకాలి? పక్క వీధిలోనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నది ఎన్నికల డ్యూటీలోనే.

ఇంకో సంగతి చెబుతాను. ఇది మన మెట్ట ప్రాంతానికి బాగా దగ్గరిది. ప్రోగ్రామింగ్ బోధన మీద పరిశోధన చేసేవాళ్ళు నలభై ఏళ్ళుగా వదలకుండా పట్టుకున్న లెక్క ఒకటుంది. దాని పేరే వానలెక్క. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ సోలోవే బృందం 1980లలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. రోజువారీ వర్షపాతం అంకెలు ఒక్కొక్కటే లోపలికి తీసుకోవాలి, 99999 రాగానే ఆగాలి, సగటు చెప్పాలి. అంతే. చూడ్డానికి ఐదో తరగతి లెక్క. కానీ ఒక సెమిస్టరు ప్రోగ్రామింగ్ చదివిన విద్యార్థుల్లో కూడా ఎక్కువమంది తప్పారు. 99999ని కూడా వాన కింద కలిపేసినవాళ్ళు కొందరు, మొదటి అంకెను వదిలేసినవాళ్ళు కొందరు.

ఇక్కడ సోలోవే పిల్లల్ని తిట్టలేదు. ఆ బృందంలో కేట్ ఎర్లిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఉంది. వాళ్ళు చేసిన పని ఏమిటంటే, కంప్యూటర్ భాష పక్కన పెట్టి, ఈ పని ఎలా చేస్తావో మామూలు మాటల్లో రాయమని అడిగారు. చాలామంది ఒక్కలాగే రాశారు: అంకె చదువు, ఆపాల్సిన గుర్తు కాకపోతే కలుపు, మళ్ళీ చదువు. మనిషికి సహజంగా తోచే దారి అది. అప్పట్లో నేర్పుతున్న పాస్కల్ భాషలోని వైల్ లూపు, అంటే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఆదేశం, దీనికి అడ్డం తిరుగుతుంది. ముందే ఒక అంకె చదివి పెట్టుకొని, లోపల కలిపాక మళ్ళీ చదవమంటుంది. మధ్యలోంచి బయటపడే వీలున్న లూపు ఒకటి తయారుచేసి ఇస్తే సరిగ్గా రాసినవాళ్ళు పెరిగారు. ఈ పని మీద 1983లో అచ్చయిన వాళ్ళ వ్యాసం చెప్పేది ఒకటే, తప్పు ఒక్క పిల్లల బుర్రలోనే లేదు, చేతికిచ్చిన పనిముట్టులోనూ ఉంది. కంప్యూటర్ వాళ్ళు మాత్రమే ఉన్న గదిలో ఈ మాట పుట్టేది కాదు, ఎందుకంటే పనిముట్టు అలవాటైనవాడికి దాని వంకర కనబడదు.

ఇప్పుడు ఆ వానలెక్కను గిద్దలూరు బడికి తెచ్చి చూడండి. యేల్ కుర్రవాడికి వాన అంటే వట్టి అంకె. ఇక్కడి పిల్లవాడి ఇంట్లో అదే బతుకు. మండలాల వారీగా ఎక్కడెన్ని మిల్లీమీటర్లు పడిందో పేపర్లో వస్తే వాళ్ళ నాన్న ముందు చూసేది ఆ ముక్కే. వాడికి ఈ లెక్క ఇవ్వగానే అడిగే ప్రశ్న వేరు: ‘వాన పడని రోజులు కూడా లెక్కలోకి వస్తాయా సార్?’ కంప్యూటర్ లెక్చరరు దగ్గర దీనికి జవాబుండదు. సోషల్ మాస్టారి దగ్గర ఉంటుంది. వాతావరణ శాఖ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే అది వాన రోజు. సరే, వాన రోజులకే సగటు కట్టమందాం. మార్చి నెల సంగతేమిటి? వాన రోజులు సున్నా; సున్నాతో భాగించబోతే ప్రోగ్రాము అక్కడే పడిపోతుంది. పాఠ్యపుస్తకాలు చివర్లో ‘అరుదైన సందర్భం’ అని చిన్న అక్షరాల్లో వేసేది మనకు ఏటా వచ్చే వేసవి. లెక్చరరు, సోషల్ మాస్టారు, ఆ పిల్లవాడు ముగ్గురూ కలిస్తే ఒక పీరియడ్‌లో షరతు, లూపు, సున్నా భాగహారం మూడూ వచ్చేస్తాయి. విడివిడిగా ఉంటే ఒకరు ‘డివైడ్ బై జీరో ఎర్రర్’ అని బోర్డు మీద రాస్తారు, ఇంకొకరు వర్షాభావ ప్రాంతం అని నోట్సు చెబుతారు, పిల్లవాడు రెండూ బట్టీ కొడతాడు.

సమానం గుర్తుది ఇంతకంటే పెద్ద పేచీ. లెక్కల మాస్టారు ఆరో తరగతి నుంచీ నూరిపోసేది, ఈ గుర్తుకు అటూ ఇటూ ఉన్నవి ఒకే విలువ అని. అదే పిల్ల బీటెక్ మొదటి ఏడాదిలో బోర్డు మీద ‘ఎక్స్ = ఎక్స్ + 1’ చూస్తుంది. లెక్కలు బాగా వచ్చిన పిల్లకే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే ఆమెకు అది పచ్చి అబద్ధంలా కనిపిస్తుంది. రాని పిల్ల పట్టించుకోకుండా రాసేసుకుంటుంది. అది సమానం కాదమ్మా, కుడివైపు విలువను ఎడమవైపు పెట్టెలో వేయడం అని ఒక్క మాట చెబితే తీరిపోతుందనుకుంటాం. తీరదు. పెట్టె అనగానే అందులో పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయని అనుకునేవాళ్ళు తయారవుతారు. ఈ చిక్కును బెనెడిక్ట్ డు బూలే అనే పరిశోధకుడు 1986లోనే వివరంగా రాశాడు. ఏడేళ్ళ పాటు ఒక అర్థం నేర్పినవాడికీ, ఎనిమిదో ఏడు దాన్ని తిరగేసినవాడికీ మధ్య ఒక్కసారైనా మాట జరగకపోతే ఆ చిక్కు ఎవరి కంటా పడదు. లెక్కల మాస్టారికి తన పాఠం తర్వాత ఏమైందో తెలియదు, లెక్చరరుకు తనకు ముందు ఏం జరిగిందో తెలియదు.

ఇక రెండో మాట: ఇంగ్లీషు. ఇది మన దగ్గర ఎవరూ ఎదురు చెప్పని మాట. పిల్లలకు ప్రోగ్రామింగ్ రాలేదా, తెలుగు మీడియం. ఉద్యోగం రాలేదా, తెలుగు మీడియం. ఈ నమ్మకం మీదే 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. నేనొకటి అడుగుతాను. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో నాలుగు విశ్వవిద్యాలయాల మొదటి ఏడాది విద్యార్థులు 216 మందికి ఒకే ప్రోగ్రామింగ్ పరీక్ష పెట్టారు. 110 మార్కులకు సగటు 23 కూడా రాలేదు. వాళ్ళంతా ఏ మీడియం? తెలుగు మీడియమేనా? ఆ ఫలితం చూసి అక్కడి పంతుళ్ళు ‘మా పిల్లలకు భాష రాదు’ అని చేతులు దులుపుకోలేదు. ఆ సాకు వాళ్ళకు లేదు మరి. తమ బోధన మీద అనుమానపడ్డారు. 2004లో రేమండ్ లిస్టర్, మరికొందరు కలిసి ఏడు దేశాల్లో ఇంకో పరీక్ష పెట్టి, రాయడం మాట అటుంచి రాసి ఉన్న ప్రోగ్రామును చదివి ఏం జరుగుతుందో చెప్పడమే చాలామందికి రావడం లేదని తేల్చారు. మనకేమో ఇంగ్లీషు అనే సాకు చేతిలో ఉంది. అది ఉన్నంతకాలం బోధన మీద అనుమానం పడాల్సిన అవసరం రాదు.

భాషతో సంబంధం లేదని అనడం లేదు. చాలా ఉంది, కానీ వాళ్ళు అనుకుంటున్న వైపు కాదు. సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో ఐదు దేశాల పిల్లలు స్క్రాచ్ అనే భాషలో రాసిన ప్రోగ్రాములను పరిశీలించారు. ఆదేశాలను ఇంగ్లీషులో పెట్టుకున్నవాళ్ళ కంటే సొంత భాషలో పెట్టుకున్న పిల్లలు కొత్త కొత్త అంశాలను త్వరగా వాడటం మొదలుపెట్టారు. ఇంకా వెనక్కి పోతే, కంప్యూటర్ సైన్సు వాళ్ళు దేవుడిలా చూసే డైక్‌స్ట్రా 1975లోనే, మంచి ప్రోగ్రామరుకు గణితం మీద మొగ్గుతో పాటు మాతృభాష మీద గట్టి పట్టు అన్నిటికంటే ముఖ్యమని రాసి పెట్టాడు. తెలుగు మాస్టారికి పనేమిటని అడిగేవాళ్ళు ఆయన్ని అడగాలి.

అట్లాగని అన్నిటికీ కొత్త తెలుగు పదాలు కల్పించి పిల్లల నెత్తిన వేయాలనే పెద్దలతో కూడా నాకు పేచీ ఉంది. లూపును లూపనే అందాం. ఫంక్షన్‌ను ఫంక్షననే అందాం, మన వైపు ‘ఫంక్షన్ కాల్’ అంటే ఎవరింటికో భోజనానికి పిలుపని వినిపించినా సరే. తెలుగు మాస్టారితో పని పదాల తయారీలో లేదు. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా, ఎదుటివాడికి సందేహం మిగలకుండా, వరస తప్పకుండా సొంత మాటల్లో చెప్పించడంలో ఉంది. పిల్లవాడు ఎక్కడ ‘అది’ అని రాసి ఏది అన్నది వదిలేశాడో, ఎక్కడ ‘తర్వాత’ అని రాసి దేని తర్వాతో చెప్పలేదో రోజూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేది ఆయనే.

ఇక్కడో చిత్రం చూడండి. కంప్యూటర్ వాళ్ళూ భాషావేత్తలూ కలిసి పనిచేయడం తెలుగు నేల మీద కొత్తేం కాదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై హైదరాబాద్ దాకా సాగిన అనుసారక అనే యంత్రానువాదం పనిలో పాణిని వ్యాకరణం చదివినవాళ్ళు, తెలుగు వాక్యం తెలిసినవాళ్ళు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సూ భాషాశాస్త్రమూ కలిపి చదివే కోర్సే ఉంది. యంత్రానికి తెలుగు నేర్పాల్సి వచ్చినప్పుడు భాషావేత్తను పిలుచుకున్నాం. తెలుగు పిల్లకు యంత్రం నేర్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయనకేం పని అంటున్నాం.

కలిసి చేసే పరిశోధన ఎలా ఉంటుందో చెప్పడానికి విదేశాలకే వెళ్ళనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయానిది, 1962లో వచ్చింది. ఆ పని లైబ్రరీలో కూర్చుని చేసింది కాదు. జిల్లాల్లో రైతుల్ని అడిగి మాటలు రాసుకున్నారు. 1971లో చేనేత సంపుటం. నాగలిలో ఏ భాగాన్ని ఎవరేమంటారో తెలుసుకోవడానికి ఒక భాషావేత్త రైతు దగ్గరికి వెళ్ళాడు. మార్కాపురంలో పలకల పని చేసేవాళ్ళు రాయిని పలుచగా చీల్చి, కొలతకు కోసి, నున్నగా చేసి, కొలతల వారీగా వేరుచేసి, చట్రం బిగిస్తారు. ఆ వేరుచేయడం ఏ వరసలో చేస్తారు, ఎందుకలా చేస్తారు అని వెళ్ళి అడిగిన కంప్యూటర్ లెక్చరరు ఎవరైనా ఉన్నారా? సార్టింగ్ పాఠం మాత్రం ఏటా చెబుతారు. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, మరికొందరు 1990లలో కంప్యూటరే లేకుండా అట్టముక్కలతో, బరువులతో, ఆటలతో ఇవే పాఠాలు చెప్పే పద్ధతిని తయారుచేశారు. మన దేశంలో 2016 నుంచి కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఇండియా వాళ్ళ సీఎస్ పాఠశాల కార్యక్రమం అదే దారిలో నడుస్తోంది. పలకలకు దేశమంతా పేరున్న ఊళ్ళో ఆ పాఠానికి సామాను కొరత లేదు. పది పలకలు, పది అంకెలు, ఒక బలపం చాలు.

సామాను అన్నాను కాబట్టి మూడో మాట. మిషన్లు వస్తే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం మీద చాలా డబ్బు పోసి చూశాం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చారు. నడిపే బాధ్యత ప్రైవేటు సంస్థలకు, ఐదేళ్ళ ఒప్పందం. గడువు తీరగానే చెప్పేవాళ్ళు ఇళ్ళకు పోయారు. చాలాచోట్ల కంప్యూటర్ గది తాళం మళ్ళీ తెరుచుకోలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ సుమారు 5 లక్షల ట్యాబులు వచ్చాయి, పాఠాలు అందులోనే నింపి. రెండు ప్రభుత్వాలవి రెండు పథకాలు, రాజకీయం నాకక్కర్లేదు. రెండింటిలోనూ కనబడే లోటు ఒకటే. వాటిని వాడిన పిల్లలు ఏం నేర్చుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు అని ఆ బళ్ళలోని పంతుళ్ళే కలిసి చూసి రాసే ఏర్పాటు దేనిలోనూ లేదు. ఇచ్చిన లెక్క ఉంటుంది. ఫలితం మీద మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పుకోవచ్చు.

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుకు వెళ్ళినా అంతే. అక్కడ మిషన్లుంటాయి. వాటి పక్కన రికార్డు పుస్తకం ఉంటుంది. కుడి పేజీలో ఎయిమ్, అల్గారిథం, ప్రోగ్రాము. ఎడమ తెల్ల పేజీలో పెన్సిలుతో ఫ్లోచార్టు, అవుట్‌పుట్. అదంతా సీనియర్ల రికార్డులోంచి దిగుతుంది. సీనియర్లు చేసిన తప్పులతో సహా దిగుతుంది. ఒక చోట సెమీకోలన్ పోతే సెక్షన్ మొత్తానికీ పోతుంది. ఫ్లోచార్టు ప్రోగ్రాముకు ముందు గీయాల్సింది, ఇక్కడ అన్నిటికన్నా చివర గీస్తారు. లెక్చరరు ప్రతి పేజీ కింద సంతకం పెడుతూ పోతాడు. ఈ సంతకాలకు పోయే గంటల్లో నెలకు రెండు గంటలు పక్కన పెట్టినా నేను చెబుతున్న పని మొదలవుతుంది. ‘మాకు టైమెక్కడిది’ అనేవాళ్ళకు ఇదే నా జవాబు. వాళ్ళ కష్టం నాకు తెలియక కాదు. నాలుగైదు సెక్షన్లు, ఆలస్యంగా వచ్చే జీతాలు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళు తిరగడం, అన్నీ నిజమే. కానీ సంతకాల గంట కూడా నిజమే.

నాలుగోది, పరిశోధన ఐఐటీల పని అన్న మాట. ఐఐటీలు చేస్తున్నాయి, బాగా చేస్తున్నాయి కూడా. ఐఐటీ బొంబాయిలో 2010లో మొదలైన విద్యా సాంకేతికత విభాగంలో కంప్యూటర్ సైన్సు నుంచి వచ్చిన శ్రీధర్ అయ్యర్, భౌతికశాస్త్రం నుంచి వచ్చిన సహనా మూర్తి కలిసి పనిచేశారు. హిందీ మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ప్రోగ్రామింగ్ ఏ భాషలో, ఏ రూపంలో చెబితే అందుతుందో అక్కడే పరిశోధించారు. అయితే వాళ్ళ దగ్గర లేనిది ఒకటి మన దగ్గర ఉంది. ఒక ఐఐటీ ప్రొఫెసరు వెతుక్కుంటూ రావాల్సిన పిల్లలు మనకు రోజూ క్లాసులో ఎదురుగా కూర్చుంటారు: నల్లమల అంచు పల్లెల నుంచి, తల్లిదండ్రులు వలస పోతే అవ్వ దగ్గర ఉండి చదివి, ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనుషులు. ప్రకాశం జిల్లాకు ఒంగోలు పేరుతో ట్రిపుల్ ఐటీయే ఉంది. 2008లో రాష్ట్రంలో ఇలాంటి ట్రిపుల్ ఐటీలను మొదట పెట్టిందే పల్లె బడుల్లో పదో తరగతి చదివిన పిల్లల కోసం. ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఏ ఐఐటీకి ఉంది?

పల్లె నుంచి పుట్టిన బోధన పద్ధతి పైకి పోదనే భయం కూడా అక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టూ ఉన్న చిన్న బళ్ళ కోసం, ఒకే గదిలో నాలుగు తరగతుల పిల్లలు కూర్చుంటే ఎలా చెప్పాలా అని తయారుచేసిన కార్డుల పద్ధతి అక్కడే ఆగలేదు. కర్ణాటక టీచర్లు వచ్చి చూసి వెళ్ళి 1995లో నలి కలి మొదలుపెట్టారు. తమిళనాడు బళ్ళూ ఆ దారి పట్టాయి. రాయలసీమ కరువు మండలంలో బయలుదేరిన సంగతి పక్క రాష్ట్రాలకు పాఠమైంది. పశ్చిమ ప్రకాశం అనిపించుకున్న మన వైపుకు అడ్డేమిటి? 1970లో కర్నూలు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలిపినప్పటి నుంచీ గిద్దలూరు, మార్కాపురం వాళ్ళకు అన్నీ దూరమే. ఒంగోలు దూరం, ఇంజినీరింగ్ కాలేజీలకు దిక్కైన కాకినాడ విశ్వవిద్యాలయం ఇంకా దూరం. సిలబస్ అక్కడి నుంచి వస్తుంది, పేపరు అక్కడి నుంచి వస్తుంది. అందుకని ఆలోచన కూడా అక్కడి నుంచే రావాలని ఒక అలవాటు పడిపోయింది.

ఎదుటివాళ్ళ మాటల్లో నేను ఒప్పుకొనేది ఒకటి ఉంది. ‘బహుళ శాస్త్ర సమన్వయం’ పేరుతో మనం చూస్తున్నది చాలామటుకు నాటకమే. జాతీయ సదస్సు అని ఫ్లెక్సీ, పొద్దున జ్యోతి ప్రజ్వలన, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి అందరికీ సర్టిఫికెట్లు. కాలేజీకి నాక్ తనిఖీ ఉన్న ఏడాది ఇవి పెరుగుతాయి. కాలేజీ గోడ దాటితే మిరప చేలుంటాయి. లోపల మాత్రం ఎక్కడి నుంచో దించుకున్న ఆకుల ఫొటోలతో మిరప తెగులు గుర్తించే ప్రాజెక్టు నడుస్తుంటుంది, అదీ హైదరాబాదు అమీర్‌పేటలో కొన్నది. ఇలాంటివి చూసి చూసి విసిగినవాళ్ళు ‘పరిశోధన’ అనగానే ముఖం తిప్పుకుంటే వాళ్ళ తప్పు లేదు. కానీ చెడ్డ సదస్సులు జరుగుతున్నాయి కాబట్టి మంచి పని అక్కర్లేదనడం ఎక్కడి తర్కం?

నియమాలూ అడ్డం వస్తాయి. యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధన స్కోరు లెక్క చూడండి. ఒక్కరే వ్యాసం రాస్తే పూర్తి మార్కులు. ఇద్దరైతే ఒక్కొక్కరికి 70 శాతం. అంతకు మించితే ప్రధాన రచయితకు 70, తక్కిన ఒక్కొక్కరికి 30. ఇద్దరివి కలిపితే 140 వస్తుంది కదా, కలిసి రాయమని ప్రోత్సహిస్తున్నట్టే కదా అని నిబంధన రాసినవాళ్ళు అనవచ్చు. ప్రమోషన్ మనిషికి వస్తుంది కానీ జంటకు రాదు. డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరు, లెక్కల లెక్చరరు, కంప్యూటర్ లెక్చరరు ముగ్గురూ కలిస్తే ఇద్దరికి 30 చొప్పునే. పైగా తెలుగు లెక్చరరు పేరు కంప్యూటర్ పత్రికలో కనిపిస్తే, ఇది మీ సబ్జెక్టు కాదు కదా అని ఇంటర్వ్యూలో అడిగేవాళ్ళుంటారు. ఇది మారాలి. ఒంగోలులో 2022లో వచ్చిన ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం లాంటి కొత్త సంస్థలు మనసు పెడితే, బోధన మీద శాఖలు దాటి చేసిన పనికి విడిగా గుర్తింపు ఇవ్వడం పెద్ద కష్టమేం కాదు. పాత విశ్వవిద్యాలయాల బిగింపులు వాటికింకా రాలేదు.

ఈమధ్య ఐదో మాట ఒకటి పుట్టింది: ఇప్పుడు ఏఐ వచ్చేసింది, ప్రోగ్రాములు అదే రాస్తుంది, ఇంకా ఎలా చెప్పాలన్న గొడవెందుకు అని. దీనికి ఎక్కువ చెప్పను. ఏఐకి పని చెప్పాలంటే ఏం కావాలో తడబడకుండా మాటల్లో పెట్టాలి, అది ఇచ్చింది చదివి తప్పు పట్టగలగాలి. 2004లో ఏడు దేశాల పిల్లలు తప్పింది సరిగ్గా ఆ చదవడం దగ్గరే. 1986లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాయ్ పీ, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల తప్పులన్నిటి వెనకా ఒక పెద్ద భ్రమ ఉందని రాశాడు. యంత్రం లోపల ఎవరో మన మనసులో మాట తెలిసినవాడు ఉన్నాడని పిల్లలు అనుకుంటారట. అప్పటి యంత్రం వెంటనే ఎర్రర్ చూపించి ఆ భ్రమ వదిలించేది. ఇప్పటిది మన మాట అర్థమైనట్టే నటిస్తుంది. పని పెరిగిందే కానీ తగ్గలేదు.

మొదలుపెట్టడానికి గ్రాంటు అక్కర్లేదు, సదస్సు అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి, అక్కడ ఏ సబ్జెక్టు వాళ్ళు ఆ సబ్జెక్టు గదిలో కూర్చుంటారు. ఒక్కసారి లెక్కలూ తెలుగూ ఒకే గదిలో కూర్చోబెట్టి, పక్క ఇంజినీరింగ్ కాలేజీ నుంచి కంప్యూటర్ లెక్చరరును పిలవండి. తొమ్మిదో తరగతి పిల్లలకూ, బీటెక్‌లో ఇంకా ప్రోగ్రామింగ్ మొదలుకాని మొదటి ఏడాది వాళ్ళకూ ఒకే ప్రశ్న, తెలుగులో ఇవ్వండి. మీ మండలంలో ఈ నెల రోజూ ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో రాసిన కాగితం మీ తమ్ముడి చేతిలో ఉంది. వాడికి కూడిక, భాగహారం వచ్చు. చెప్పింది చేస్తాడు, చెప్పనిది ఊహించుకోడు. వాన రోజుల సగటు కనుక్కోవడానికి వాడేం చేయాలో వరసగా రాయండి. కంప్యూటరు వద్దు, ట్యాబు వద్దు, అరగంట చాలు.

జవాబు పత్రాల జిరాక్సులు తీసి ముగ్గురూ ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు దిద్దాలి, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా. తమ్ముడు ఎలాగూ అర్థం చేసుకుంటాడులే అని పిల్లలు వదిలేసిన చోటల్లా గీత పెట్టాలి. తర్వాతి నెల సమావేశానికి ఆ కట్టలు తెచ్చి, ఒకే పత్రం మీద తెలుగు మాస్టారు సరే అని వదిలేసి లెక్చరరు గీత పెట్టినవి, లెక్చరరు దాటేసి లెక్కల మాస్టారు పట్టుకున్నవి విడిగా తీసిపెట్టాలి. వ్యాసం రాయాల్సింది వాటి మీద. ముగ్గురిలో ఎవరి పేరు ముందుండాలో ఆ రోజే తేల్చుకుంటే మంచిది, 70కీ 30కీ తేడా ఉంది కదా.